మా అత్తకు కథ చదివింది ఎవరు

దయ్యాల నవలలంటే నాకు ఎంత ఇష్టమో, దయ్యాల మీద అంత అపనమ్మకం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లుంటాయని చాలామంది అడుగుతారు. నమ్మకం లేదు కాబట్టే అంత హాయిగా చదవగలిగేదాన్ని. నమ్మేవాళ్ళు రెండో పేజీలోనే పుస్తకం మూసేస్తారు. నేను ఆఖరి పేజీ దాకా చదివి, లైటు ఆర్పి, అటు తిరిగి నిద్రపోయేదాన్ని.

మేం కొంతమందిమి ఫోన్లో ఒక పాఠకుల గ్రూపు పెట్టుకున్నాం. ఈ మధ్య అందులో ఎవరో అడిగారు, దయ్యాల ఇళ్ళ నవలల్లో, కథల్లో మీకు బాగా నచ్చినవి చెప్పండని. అందరూ వరసగా రాశారు. నేనూ మొదలుపెట్టి, రాసింది చెరిపేశాను. నాకు అన్నిటికంటే నచ్చిన కథ పేరు చెబితే, దాన్ని మొదట నేను ఎవరి నోట విన్నానో కూడా చెప్పాలి. అది గ్రూపులో రెండు ముక్కల్లో చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది ఆదోని. పెళ్ళయి బళ్ళారి వైపు వచ్చాను. మా ఆయన వీరేశ్ వాళ్ళది రూపనగుడి. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ చదువు మాత్రం కన్నడ మీడియం. మా ఆయనకు తెలుగు అక్షరం రాదు. బస్సు బోర్డు తెలుగులో ఉంటే నన్నే అడుగుతారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మేం తర్వాత బాడుగకు ఉన్న ఇంట్లోనే కాదు, ఆ వీధి మొత్తంలో తెలుగు చదవడం వచ్చిన మనిషిని నేను ఒక్కదాన్నే.

ఆయనకు తోరణగల్లు స్టీలు ఫ్యాక్టరీలో పని. టౌన్‌షిప్‌లో క్వార్టర్ రావడానికి టైం పడుతుందంటే బయట ఒక ఇల్లు బాడుగకు తీసుకున్నాం. ముందు గది, పడక గది, వంటిల్లు, అంతే. పనివాళ్ళ కోసం వరసగా కట్టిన ఇళ్ళలో అదొకటి. కట్టి ఎన్నో ఏళ్ళు కాలేదు. పొద్దున తుడిస్తే సాయంత్రానికి కిటికీ చెక్క మీద ఎర్రదుమ్ము పేరుకునేది. నేను దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఒంటిపూట బడి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసేదాన్ని.

మా అత్తకు రెండు కండ్లలోనూ పొర వచ్చింది. వెలుతురు, నీడ తెలుస్తాయి, ముఖాలు తెలియవు. ఆపరేషన్ చేయిద్దామంటే షుగర్ ఎక్కువగా ఉందని డాక్టరు వాయిదా వేస్తూ వచ్చాడు. అందుకని రూపనగుడి నుంచి మా దగ్గరికి తెచ్చుకున్నాం. పొలం పని తప్ప వేరే తెలియని మనిషి. పొద్దంతా ఊరికే కూర్చోవడం ఆమెకు నరకం. టీవీ పెడితే, కనపడని బొమ్మలు ఎందుకమ్మా అనేది.

ఒకరోజు నేను చదువుకుంటుంటే, ఏం చదువుతాండావని అడిగింది. దయ్యాల కథ అత్తా అన్నాను. నాకూ చెప్పు అంది. చెప్పడం రాదు, చదువుతానని గట్టిగా చదవడం మొదలుపెట్టాను. అంతే, అదొక అలవాటైపోయింది. భోజనం చేసి ముందు గదిలో చాప పరుచుకుని నేను గోడకు ఆనుకునేదాన్ని, ఆమె మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. నేను చదువుతుంటే ఆమె ఊ కొట్టేది. చిన్నప్పుడు కథలు విన్నవాళ్ళు ఊ కొట్టడం మరిచిపోరు. భయపడే చోట భయపడేది, నవ్వే చోట నవ్వేది. పాడుబడ్డ బంగళాలో హీరోయిన్ ఒంటరిగా మేడ మీదికి పోతుంటే, "దీనికి బుద్ధి లేదు" అనేది. అంత మంచి శ్రోత నాకు మళ్ళీ దొరకదు.

కొన్నాళ్ళకు ఒక పాత నవల మొదలుపెట్టాం. కొత్తగా పెళ్ళయిన పిల్ల అత్తవారి పెద్దింటికి కాపురానికి వస్తుంది. ఆ ఇంట్లో ఏదో తేడాగా ఉంటుంది. సగం దాకా చదివాం. మరుసటి రోజు నేను బళ్ళారి పోవాల్సి వచ్చింది, అత్త షుగర్ రిపోర్టు డాక్టరుకు చూపించడానికి. స్కూలు నుంచి అట్నుంచి అటే బస్సెక్కాను. అత్తకు అన్నం పెట్టమని పక్కింటి శారదక్కకు చెప్పాను. ఆమె కన్నడావిడ, మంచి మనిషి.

నవల నా బ్యాగులోనే ఉంది. బస్సులో చదువుకుందామని తీసుకుపోయాను. వచ్చేటప్పుడు ఖనిజం లారీలు అడ్డం పడి బస్సు చాలాసేపు రోడ్డు మీదే నిలబడిపోయింది. అప్పుడు తర్వాతి భాగం చదివాను. ఆ పిల్ల అటక మీద ఒక ట్రంకు పెట్టె తెరుస్తుంది. అందులో తన పెళ్ళిచీరే ఉంటుంది. రంగు వెలిసి, మడతల దగ్గర చిరిగిపోయి, ఎన్నో ఏళ్ళ కిందటిదానిలా. కిందికొచ్చి బీరువా తీస్తే, కొత్తది కొత్తగానే ఉంటుంది. చదువుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది. అత్తకు ఇది చదివినప్పుడు ఎట్లా ఊ కొడుతుందో చూడాలనుకున్నాను.

ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. నేను చెప్పులు విప్పుతుండగానే అత్త అంది.

"యాడికి పోతివి? అంతసేపు చదివి, టీ కూడా పెట్టకుండా లేసి పోతివి."

ఏమంటున్నావత్తా, నేను ఇప్పుడే కదా వచ్చింది అన్నాను. నిన్నటి సంగతి చెబుతోందేమో అనుకున్నాను. నిన్న కాదు, ఈ పొద్దే అంది. అయితే ఏం చదివినానో చెప్పు అన్నాను నవ్వుతూ.

"ట్రంకులో ఆ పిల్లకు పెండ్లిచీర దొరికేది. చినిగిపోయినది. అదే చీర బీరువాలో కొత్తగా ఉండాది కదా, అదెట్ల?"

నా బ్యాగు ఇంకా భుజానే ఉంది. పుస్తకం అందులోనే ఉంది.

ఆమెకు ఏమీ చెప్పలేదు. తలనొప్పిగా ఉందని వంటింట్లోకి పోయాను. తర్వాత శారదక్కను మెల్లగా అడిగాను, మధ్యాహ్నం మా ఇంటికి ఎవరైనా వచ్చారా అని. ఎవరూ రాలేదు టీచర్, అన్నం పెట్టి గ్రిల్లు వేసి వచ్చాను, నేను వాకిట్లోనే బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను అంది.

దానికి నాకు నేనే రకరకాల కారణాలు చెప్పుకున్నాను. ఈ నవల ఏ కాలంలోనో వారపత్రికలో వచ్చి ఉంటుంది, రూపనగుడిలో ఎవరో చెప్పగా విని ఉంటుంది అనుకున్నాను. లేదా నేనే ఎప్పుడో నోరు జారి ముందు కథ చెప్పి ఉంటాను. లెక్కల టీచర్ని. ఒకసారి జరిగింది రుజువు కాదు.

అందుకే పరీక్ష పెట్టాను. దయ్యాల కథల సంపుటం ఒకటి పంపమని ఆదోనిలో మా తమ్ముణ్ణి అడిగాను. ఏ పుస్తకమో నాకు చెప్పొద్దన్నాను. వాడు స్కూలు అడ్రసుకే పంపాడు. కవరు విప్పకుండా స్టాఫ్‌రూం బీరువాలో పెట్టి తాళం వేశాను. పరీక్ష పేపర్లు దిద్దే పనుందని ఒకరోజు మధ్యాహ్నం స్కూల్లోనే ఉండిపోయాను. పొద్దున బయల్దేరేటప్పుడు మా పాత ఫోను ముందు గదిలో కిటికీ పక్కన చార్జింగుకు పెట్టి, రికార్డింగ్ ఆన్ చేసి వెళ్ళాను.

ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను.

ఫ్యాను చప్పుడు. రోడ్డు మీద లారీలు. శారదక్క వచ్చి అన్నం పెట్టడం, గ్లాసు కింద పెట్టిన చప్పుడు, గ్రిల్లు వేయడం. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత అత్త గొంతు.

"ఊ."

కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ, "ఊ." మళ్ళీ కాసేపు నిశ్శబ్దం. రెండు మూడు వాక్యాలు చదివి ఆగితే ఎంతసేపు పడుతుందో, ఊ కీ ఊ కీ మధ్య సరిగ్గా అంత. అదేదో మనిషి ఊరికే గొణిగినట్టు లేదు. ఎదురుగా ఎవరో చదువుతుంటే వింటున్నట్టే ఉంది. కానీ ఆ చదివే గొంతు మాత్రం లేదు. ఫ్యాను చప్పుడే ఉంది. ఒకచోట అత్త నవ్వింది. ఇంకోచోట అడిగింది, "ఆ పాపకు అమ్మానాయన లేరా?" కొంచెం ఆగి, "అయ్యో" అంది.

ఆ తర్వాత ఇంక వినలేకపోయాను.

అన్నం తినేటప్పుడు, ఈ పొద్దు ఏం కథ అత్తా అని మామూలుగా అడిగాను. నువ్వు చదివిందే నన్ను అడుగుతావేంది అని, చెప్పింది. ఒక ఇల్లు అమ్మకానికి పెట్టి ఉంటుంది. చూడటానికి వచ్చినవాళ్ళకు ఒక పాప గదులన్నీ తిప్పి చూపిస్తుంది. అందరూ ఇల్లు శానా బాగుందంటారు, కానీ ఎవరూ కొనరు. ఎందుకంటే ఆ పాప చూపించిన గదులు ఆ ఇంట్లో లేవు.

మర్నాడు స్టాఫ్‌రూంలో కవరు చించాను. నాలుగైదు కథల తర్వాత ఉంది. అదే ఇల్లు, అదే పాప, అవే లేని గదులు. గ్రూపులో నేను పేరు చెప్పలేకపోయిన కథ ఇదే. కుర్చీలో కూర్చున్నాను. బెల్లు కొట్టినా లేవలేదు. ఏమైంది మేడం, బీపీనా అని పక్క టీచరు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ రోజు మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఇంకా యూనిఫాం కూడా తీయలేదు. రికార్డింగ్ వినిపించాను. కొంచెంసేపు విన్నారు. తల్లి గొంతు కదా. ఇది ఉంచొద్దు సుజాతా అని, ఆయనే తీసేశారు. ఉంటే ఈ రోజు మీకు వినిపించేదాన్ని. అప్పుడు మాత్రం తీసేయొద్దని అనాలనిపించలేదు.

అమ్మను ఒంటరిగా వదలొద్దన్నారు ఆయన. నాకూ అదే అనిపించింది. మధ్యాహ్నాలు నేను ఉంటాను కాబట్టి సరే, పొద్దున బడి ఉన్నంతసేపు, నాకు పనున్న రోజు మధ్యాహ్నం కూడా, శారదక్క ఇంట్లో కూర్చోబెట్టేవాళ్ళం. చదవడం ఆపేశాను. గొంతు బాగాలేదని చెప్పాను.

అప్పటి నుంచి అత్తలో మార్పు వచ్చింది. అన్నం సగంలో వదిలేసేది. మధ్యాహ్నమైతే చాలు, నీకు స్కూల్లో పని లేదా అని నన్ను అడిగేది. లేదంటే మాట్లాడేది కాదు. మంచం మీద కూర్చుని, నేను ఉన్నవైపు కాకుండా కిటికీవైపు తిరిగి, చెవి కొంచెం వంచి ఉండేది. నేను ఇంట్లో ఉండటం ఆమెకు ఇష్టం లేదని నాకు తెలుస్తూనే ఉంది. కూతురి కంటే ఎక్కువ చూసుకున్నాను కదా అని బాధగా ఉండేది. ఆ బాధ వెనకాల భయం ఉండేది.

సరిగ్గా అప్పుడే షుగర్ కిందికి వచ్చింది. ఆపరేషన్ చేస్తామన్నారు. ఎన్నాళ్ళ నుంచో దానికోసమే ఎదురుచూసిన మనిషి, ఇప్పుడు వద్దంది. మా ఆయన బతిమాలారు, కోప్పడ్డారు. కండ్లు రాకపోతే పొలం కాడికి ఎట్ల పోతావమ్మా అన్నారు.

"ఏమొద్దప్పా. నాకిట్లే బాగుండాది," అంది.

ఆయన బయటికి వెళ్ళిపోయారు. నేను మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఆపరేషన్ చేయించుకో అత్తా, కండ్లొచ్చినాక నీకు మళ్ళీ రోజూ కథలు చదువుతా అన్నాను. ఆమె నా చేతిని తడిమి పట్టుకుంది.

"నువ్వే చదువుతావా?"

"నేనే చదువుతా."

సరే అంది. అంత సులభంగా ఎందుకు ఒప్పుకుందో నాకప్పుడు తెలియలేదు.

బళ్ళారిలో ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్ళ తేడాతో రెండో కన్నూ అయింది. కట్టు విప్పినప్పుడు మొదట మా ఆయన్ని చూసి, తల నెరిసిందేందప్పా అని ఏడ్చింది. నన్ను చూసి, బక్కబడినావు అంది. దారి పొడుగునా కారు అద్దంలోంచి లారీలు, కొండలు, మనుషులు, అన్నీ చిన్నపిల్లలా చూస్తూ వచ్చింది.

ఇంటికొచ్చినాక ఒకటి గమనించాను. ఇల్లంతా కలయదిరిగి చూసేది. వంటింట్లో డబ్బాలు చూసేది, వాకిట్లో నిలబడి వీధి చూసేది. మధ్యాహ్నం ముందు గదిలో మంచం మీద కూర్చుంటే మాత్రం కండ్లు మూసుకునేది. నేను ఇచ్చిన మాట ప్రకారం చదువుతుంటే, మూసిన కండ్లతోనే వినేది. కండ్లు నొప్పిగా ఉన్నాయా అంటే లేదనేది. డాక్టరును అడిగితే అంతా బాగుంది, అలవాటు మీద మూసుకుంటుందేమో అన్నాడు. ఏదేమైనా అన్నం బాగా తినడం మొదలుపెట్టింది. నాకది చాలు.

తర్వాత ఒక ఆదివారం పొద్దున, వాకిలి మెట్ల మీద ఇద్దరం కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాం. ఎండ హాయిగా ఉంది. నేనేమీ అడగలేదు. ఆమే అంది.

"అప్పుడు చదివింది నువ్వు కాదని నాకు ముందే తెలుసు."

ఎట్లా తెలుసని అడిగాను.

"నీకు చదివేటప్పుడు ఊపిరి వినపడతాది. వాక్యం పెద్దదైతే ఆయాసపడతావు. దానికి గొంతు నీదే గానీ, ఊపిరి లేదు."

మొదటి రోజు సాయంత్రం, నేను ఇప్పుడే వచ్చానని అన్నప్పుడే పట్టేసిందట. మరి నాకెందుకు చెప్పలేదంటే, ఆమె ఒక పప్పు నోట్లో వేసుకుని, చెప్తే ఆపేస్తారు కదా, కథ మధ్యలో ఉండె అంది. అదేదో రోజూ వచ్చే పక్కింటామె గురించి చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఆ ఎండలో చలి పుట్టింది. భయం కాలేదా అని అడిగాను. మొదట్లో అయిందట. తర్వాత, అది ఏమీ చేయలేదు కదా, కూర్చుని కథ చదివి పోతాది, అంతే కదా అనుకుందట. ఊ కొట్టకపోతే మాత్రం కొట్టేదాకా ఆగేదట.

మరి ఆపరేషన్ ఎందుకొద్దన్నావు అన్నాను. ఆమె ఒలిచిన పప్పు చేటలో పోసి, పొట్టు ఊది, చీర కొంగు దులుపుకుంది.

"ఒకసారి కథ అయిపోయినాక అడిగింది. కండ్లొచ్చినాక నన్ను చూస్తావా అని. చూడను అని చెప్పినా. ఆ మాట నిలబెట్టుకోగలనో లేదో అని బయపడితిని."

ఆ గదిలో మధ్యాహ్నాలు ఆమె కండ్లు ఎందుకు మూసుకునేదో నాకప్పుడు అర్థమైంది. నేనే చదివితే అది రావాల్సిన పని ఉండదనే ఆపరేషన్‌కు ఒప్పుకుందనీ అర్థమైంది. నేను చదువుతున్నప్పుడు కూడా అది అక్కడ ఉందా అని అడగబోయి, ఆగిపోయాను. జవాబు నాకు వద్దనిపించింది.

నేను చదివిన నవలలన్నిటిలో ఇంటికి ఒక గతం ఉంటుంది. బావిలో పడ్డ కోడలో, గదిలో చచ్చిన పెద్దాయనో, చివరికి ఎవరో ఒకరు బయటపడతారు. నేనూ వెతికాను. ఇంటి ఓనరు కంప్లిలో వరి పండించే రైతు. బాడుగ తీసుకోవడానికి వచ్చినప్పుడు మాటల్లో పెట్టి అడిగాను. మాకంటే ముందు ఒకే ఒక్క కుటుంబం ఉండేదట, వాళ్ళు బదిలీ మీద సుఖంగా వెళ్ళిపోయారట. అంతకుముందు అక్కడ గరుసు నేల తప్ప ఏమీ లేదట. బావి లేదు, గుడిసె లేదు, సమాధి లేదు. వీధిలో పాతవాళ్ళను అడిగినా అదే మాట. ఎవరూ చావలేదు. తెలుగు చదివే మనిషి ఎవరూ అక్కడ ఎప్పుడూ ఉండలేదు. మూసిన పుస్తకంలోని కథను, తాళం వేసిన బీరువాలోని కథను, నా గొంతుతో చదివింది ఎవరో, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. అత్తకు నా మనసులోని మాటలు ఎట్లనో తెలిసి ఉంటాయి అందామంటే, రెండో కథ నా మనసులోనూ లేదు.

తర్వాత క్వార్టర్ వచ్చింది. సామాను అంతా ట్రాక్టరుకెత్తించారు. అత్త ముందే వెళ్ళి ఆటోలో కూర్చుంది. ముందు గది ఖాళీగా ఉందో లేదో, ఏమైనా మర్చిపోయామో ఒకసారి చూసి రమ్మన్నారు మా ఆయన. పట్టపగలు, కిటికీలోంచి ఎండ నేల మీద పడి ఉంది. గడప దాకా పోయాను.

చూడనని మాటిచ్చింది మా అత్త. నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. అయినా తల వంచుకుని, చెయ్యి మాత్రం చాపి తలుపు లాగేసి, అంతా చూశాను, ఏమీ లేదని ఆయనకు చెప్పాను.